స్పర్శపథం

డివిజనల్ అధికారి చక్రధరరావు గారు ఐదు రోజుల శిక్షణ కోసం కొండమీది విడిదికి వెళ్లినప్పుడు ఆయన కాళ్లకు నల్లటి తోలు బూట్లున్నాయి. తిరిగి వచ్చినప్పుడు లేవు. ఎవరో కొట్టేశారని ఆఫీసులో అందరూ అనుకున్నారు. డఫేదారు నూకరాజు బజారుకెళ్లి కొత్తవి తెమ్మంటారా అని అడగబోయి, సారు మొహంలోని వెలుగు చూసి ఆగిపోయాడు. బూట్లు పోగొట్టుకున్న మనిషి మొహంలో ఉండే వెలుగు కాదది.

మర్నాడు పదకొండింటికి సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా ఈ కార్యాలయ సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, మానవ పాదమునకును భూమాతకును గల అనాది సంబంధమును పాదరక్షలు విచ్ఛిన్నము చేయుచున్నవి. పాదరక్షలు లేని నడక వలన నిద్ర, జీర్ణశక్తి, జ్ఞాపకశక్తి, సమయపాలన మెరుగుపడును. కావున సోమవారము నుండి ఇది భూస్పర్శ కార్యాలయముగా పరిగణింపబడును. సిబ్బందియు సందర్శకులును తమ పాదరక్షలను ద్వారము వద్ద నిక్షేపించి, టోకెను పొంది, లోనికి ప్రవేశింపవలెను. హాయిని అనుభవించుట తప్పనిసరి. అనుభవింపని వారిపై తగు చర్య తీసుకొనబడును."

వెనకాల రికార్డు రూములో సీనియర్ అసిస్టెంటు మంగతాయారు దీన్ని రెండుసార్లు చదివింది. ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదవడం ఆమె ఉద్యోగం. రెండోసారి చదువుతూ బల్ల కింద తన కాళ్లవైపు చూసుకుంది. కాళ్లకు మెత్తటి అడుగున్న నీలం రంగు చెప్పులున్నాయి.

చెప్పుల్లేని నడక మీద ఆమెకేమీ పగ లేదు. చిన్నప్పుడు కాలవగట్టు మీద బడికి నడిచే వెళ్లేది. వానాకాలం ఒండ్రుమట్టి వేళ్లమధ్యలోంచి చల్లగా పైకి ఉబికి వచ్చేది. కోతలయ్యాక పొలాల్లో ఎక్కడ మోడు గుచ్చుకుంటుందో, ఎక్కడ గరిక మెత్తగా ఉంటుందో కాళ్లే చూసుకుని నడిచేవి. సర్క్యులర్‌లో రాసిన హాయి అబద్ధం కాదని ఆఫీసు మొత్తంలో బాగా తెలిసిన మనిషి ఆమే. కాకపోతే ఆ కాళ్లు ఇప్పుడు లేవు. పద్నాలుగేళ్లుగా షుగరు. రెండేళ్లుగా పాదాల్లో స్పర్శ లేదు. పోయిన కార్తీకంలో మడమలో గుండుసూది దిగితే పొద్దున్నించి సాయంత్రం దాకా దానిమీదే నడిచి, చీర అంచుకు మరక అయితే భర్త సోమేశ్వరరావు చూసి చెప్పేదాకా ఆమెకు తెలియలేదు.

"మీ పాదం మీకేమీ చెప్పదమ్మా. మీరే రోజూ వెళ్లి అడగాలి," అన్నాడు డాక్టరు. ఆ చెప్పులు రాసింది ఆయనే. ఇంట్లో కూడా విప్పొద్దన్నాడు. సాయంత్రం చేతి అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోమన్నాడు. చిన్న గాయం చాలు, ముందు వేలు పోతుంది, తర్వాత పాదం పోతుంది అని, భయపెట్టే మనిషిలా కాకుండా బస్సు వేళలు చెప్పే మనిషిలా చెప్పాడు. అందుకే ఆమెకు బాగా భయం వేసింది.

ఆ చెప్పులకు మినహాయింపు అడగడానికి ఆమె సూపరింటెండెంటు గవర్రాజు గారి దగ్గరికి వెళ్లింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ అధికారికీ కాదని చెప్పని మనిషి ఆయన. దారి లేకపోలేదని ధైర్యం చెప్పాడు. దరఖాస్తు రాయాలి, డాక్టరు ధ్రువపత్రం జతచేయాలి, సారు గదికి స్వయంగా తీసుకెళ్లి ఇవ్వాలి. సారు గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు కాబట్టి, చెప్పులు వేసుకునే అనుమతిని చెప్పులు విప్పి అడగాలి. ఇందులో ఆయనకేమీ విడ్డూరం కనిపించలేదు.

సారు కారు ఆగేచోటి నుంచి ఆయన గది గుమ్మం దాకా కొబ్బరిపీచు పట్టా, గుమ్మం నుంచి కుర్చీ దాకా ఎర్ర తివాచీ. బల్ల కింద తొట్టిలో జల్లించిన గోదారి ఇసక. పొద్దున్నా మధ్యాహ్నం నూకరాజు దాన్ని తడిపి చదును చేస్తాడు. సారు అందులో కాళ్లు పెట్టుకుని ధ్రువపత్రం చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"మీరు చెప్పులు ఎన్నేళ్లనించి వేసుకుంటున్నారు?" అన్నారు.

"కాలేజీలో చేరిన కాణ్ణించండి. నలభై మూడేళ్లయ్యిందండి."

"స్పర్శ పోయి?"

"రెండేళ్లండి."

సారు గవర్రాజు గారివైపు తిరిగారు. "విన్నారా? వేసుకోకముందు స్పర్శ ఉంది. నలభై ఒక్కేళ్లు వేసుకున్నాక పోయింది. ఇంతకన్నా రుజువేం కావాలి?"

గవర్రాజు గారు అక్కర్లేదన్నట్టు తల ఊపాడు. అది చెప్పుల వల్ల కాదు, షుగరు వల్ల అని మంగతాయారు చెప్పబోయింది. షుగరు తనకూ ఉందని, తను నడవడం లేదా అని సారు నవ్వుతూ అడిగారు. ఇసకలో ఆయన కాలివేళ్లు చేపపిల్లల్లా కదిలాయి.

సాయంత్రానికి దరఖాస్తు మీద ఉత్తర్వు వచ్చింది. దరఖాస్తుదారు స్వయముగా సమర్పించిన వైద్య పత్రము ప్రకారము ఆమెకు స్పర్శ యొక్క ఆవశ్యకత అత్యధికముగా ఉన్నది. కావున మినహాయింపు నిరాకరించి, ఆమెను ప్రాధాన్యతా లబ్ధిదారుగా నమోదు చేయడమైనది. సెలవు పెడతానంటే, ప్రాధాన్యతా లబ్ధిదారులు పథకం మధ్యలో సెలవు పెట్టడానికి లేదన్నాడు గవర్రాజు గారు. రెండు రోజులు సాక్సులు వేసుకొచ్చింది. మూడోరోజు నూకరాజు తల దించుకుని, సాక్సులు కూడా ఇవ్వాలంట మేడంగారండి, రెండూ కలిపి ఒకటే టోకెనంట అన్నాడు.

ఆ వారంలోనే పోలయ్య వచ్చాడు. డెబ్భై దాటిన గొర్రెలకాపరి. పొలం సరిహద్దు కాగితంలో తండ్రి పేరు తప్పు పడిందని నాలుగోసారి తిరుగుతున్నాడు. నూకరాజు అతని కాళ్లు చూశాడు. మడమలు తాటిమొద్దు పగిలినట్టు పగిలి ఉన్నాయి. చెప్పులు ఇచ్చి టోకెను తీసుకోమన్నాడు. తనకు చెప్పుల్లేవన్నాడు పోలయ్య. టోకెను లేకపోతే లోపలికి పంపడం కుదరదన్నాడు నూకరాజు. కర్ర ఇస్తానన్నాడు పోలయ్య. కర్ర పాదరక్ష కాదు. తలపాగా ఇస్తానన్నాడు. అదీ కాదు. ఈ గొడవకి గవర్రాజు గారు బయటికి వచ్చాడు.

"లోపలికెల్లాలంటే కాళ్లకి చెప్పులుండకూడదంటన్నారు. నాకు లేవు. మరి నన్నెందుకాపుతున్నారు బాబూ?" అని అడిగాడు పోలయ్య. అతని గొంతులో వెటకారమేమీ లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

గవర్రాజు గారు ఓపిగ్గా వివరించాడు. "లేకపోవడం వేరు పెద్దాయనా, విడిచిపెట్టడం వేరు. ఉండి విడిచినవాడికే హాయి. అసలు లేనివాడికి హాయి ఎక్కడినించి వస్తుంది? నిబంధన విడవడం గురించి. నీ దగ్గర విడవడానికేం ఉంది?"

పోలయ్య కొంచెంసేపు ఆలోచించాడు. విడవడానికి తన దగ్గరేమీ లేదన్న మాట అతనికి కూడా నిజమే అనిపించినట్టుంది. గుమ్మం పక్కన గోడ నీడలో కూలబడ్డాడు. అప్పుడే చెప్పులు ఇచ్చి లోపలికి వస్తున్న మంగతాయారు తన చేతిలోని పద్నాలుగో నంబరు టోకెను అతని చేతిలో పెట్టింది. నూకరాజు టోకెను చూశాడు, మనిషిని చూశాడు, పక్కకి జరిగాడు. సర్క్యులర్‌లో టోకెను ఉండాలని ఉంది గాని ఎవరి చెప్పులకో రాయలేదు. వారం తిరిగేసరికి గేటు బయట బడ్డీకొట్టువాడు, చెప్పుల్లేకుండా వచ్చే పల్లెటూరివాళ్లకి ఆఫీసు గుమ్మంలో విడవడానికని పాత చెప్పులు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. నిక్షేపించిన పాదరక్షల సంఖ్య రెట్టింపయిందని, ప్రజల్లో చైతన్యం వెల్లివిరుస్తోందని సారు పైకి రాశారు.

పైనుంచి మెచ్చుకుంటూ జవాబు వచ్చింది. మెచ్చుకోలు వచ్చాక అక్కడితో ఆగడం ఏ అధికారికైనా కష్టమే. ఆఫీసు వెనక ఖాళీ జాగాలో అరవై అడుగుల బాట వెలిసింది. సగం దూరం గులకరాళ్లు, మిగతా సగం రోడ్డు పనికి మిగిలిన కంకర. బాట మొదట్లో "స్పర్శపథం" అని బోర్డు. సిబ్బంది రోజూ పొద్దున్న మూడుసార్లు అటూ ఇటూ నడవాలి. పక్కన గొడుగు కింద కుర్చీ వేసుకుని గవర్రాజు గారు వాళ్ల మొహాలు చూసి, హాయి స్థాయిని రిజిస్టరులో రాయాలి. అధమం, మధ్యమం, ఉత్తమం. వరసగా మూడు అధమాలు వస్తే సంజాయిషీ.

గుమాస్తాలు కంకర మీద కోడిపుంజుల్లా ఎగిరెగిరి అడుగులు వేస్తూ, గవర్రాజు గారి ముందుకి వచ్చేసరికి పళ్లు బయటపెట్టి నవ్వేవారు. వాళ్లకి మధ్యమం పడేది. మంగతాయారు మాత్రం రేషను వరసలో నడిచినట్టు నిదానంగా, కనుబొమ కూడా కదలకుండా నడిచేది. హాయీ తెలియదు, నొప్పీ తెలియదు. ఆమె కోసం గవర్రాజు గారు "అత్యుత్తమం" అని కొత్త గడి గీశాడు.

"ఏం రాస్తున్నారండి కాళ్లకి?" అని టైపిస్టు సరళకుమారి గుసగుసగా అడిగింది.

"ఏమీ రాయట్లేదమ్మా. నాకు స్పర్శ లేదు."

"మీరు మరీనండి. ఎలా పోగొట్టుకోవాలో మాక్కూడా చెప్పచ్చుగా," అని మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

బాట మొదలైన రెండోవారంలో ఒక సాయంత్రం అద్దంలో, కుడికాలి చిటికెనవేలి కింద బియ్యపుగింజంత చీలిక కనిపించింది. సోమేశ్వరరావు మోకాళ్లమీద వంగి, మందు రాసి కట్టు కట్టాడు. అతను రిటైరైన లెక్కల మాస్టారు. ఈ పథకంలో లెక్క ఎక్కడ తప్పిందో కనుక్కోవాలని చాలా ప్రయత్నించి, ఆ ప్రయత్నం మానుకున్నాడు. మర్నాడు బాట దగ్గర గవర్రాజు గారు కట్టు చూసి ఇబ్బందిపడ్డాడు. కట్టు కూడా పాదానికీ భూమికీ మధ్య అవరోధమే. బాగా ఆలోచించి, కట్టు కట్టుకోవచ్చు గాని పాదం పైవైపు కట్టుకోమన్నాడు.

అప్పుడు మంగతాయారుకి ఒక ఉపాయం తోచింది. తను ఏమీ అనకుండా నడవబట్టే కదా ఈ గొప్పంతా. నొప్పిగా ఉన్నట్టు నటిస్తే అధమం పడుతుంది, మూడు అధమాలకి సంజాయిషీ అడుగుతారు, సంజాయిషీలో ఉన్నమాట రాయవచ్చు. ఆదివారమంతా వంటింటి నుంచి వసారా దాకా కుంటుతూ అభ్యాసం చేసింది. నొప్పి ఎలా ఉంటుందో మరిచిపోయిన మనిషికి నొప్పిని నటించడం అంత తేలికేమీ కాదు. ఎక్కడ మూలగాలో సోమేశ్వరరావు చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో అద్దం తుడవాలని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

సోమవారం కంకర మీద రెండో అడుగు వేసి ఆమె "అబ్బా" అంది.

గవర్రాజు గారి చేతిలోంచి కలం జారింది. ఆయన పరుగెత్తాడు. రెండు నిమిషాల్లో సారు, బాట పక్క దాకా కొత్తగా పరిచిన పీచు పట్టా మీద గబగబా నడిచొచ్చి, పట్టా అయిపోయినచోట ఆగి, ఇంకోసారి అనమన్నారు. ఆమె ఇంకోసారి అంది. ఆయన కళ్లు చెమర్చాయి.

"వచ్చింది," అన్నారు. "స్పర్శ వచ్చింది. రాయండి గవర్రాజు గారూ. రెండేళ్లుగా వైద్యులు చేయలేనిది స్పర్శపథం చేసింది, పదహారు రోజుల్లో."

అవునండి అనడానికీ కాదండి అనడానికీ ఆమెకు దారి లేకుండా పోయింది. నొప్పి లేదంటే పథకం సుఖంగా ఉన్నట్టు. నొప్పి ఉందంటే పథకం ఫలించినట్టు. "స్పర్శ పునరుద్ధరణ: ఒకటి" అని నివేదిక పైకి వెళ్లింది. ఆ ఒకరిని కళ్లారా చూడడానికి ఉన్నతస్థాయి పరిశీలక బృందం బయలుదేరుతోందని జవాబు వచ్చింది.

ఈలోగా చీలిక పెసరగింజంత అయింది. బృందం వచ్చేరోజు పొద్దున్న ఆమె గవర్రాజు గారికి కాలు ఎత్తి చూపించింది. ఆయన చూశాడు. చెడ్డవాడు కాదు, చూసినప్పుడు మొహం తిప్పుకున్నాడు. ఒక్క చుట్టు చాలమ్మా, ఒకే ఒక్క చుట్టు, ఆ తర్వాత ఫైలు నేనే స్వయంగా కదుపుతాను అని బతిమాలాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఒకరిని బతిమాలడం ఆమె చూడడం అదే మొదటిసారి.

బృందంలో ముగ్గురు. మే నెల, మిట్టమధ్యాహ్నం. ముగ్గురి కాళ్లకీ బూట్లున్నాయి. పరిశీలించేవారు పరిశీలింపబడే అనుభవానికి లోనైతే నిష్పాక్షికత దెబ్బతింటుందట. షామియానా కింద కూర్చుని కొబ్బరినీళ్లు తాగారు. కంకర మీద ఎండ సెగలు పోతోంది. సిబ్బంది వరసగా నిలబడ్డారు. మంగతాయారు నడిచింది. వెళ్లింది, తిరిగింది, వచ్చింది. నిదానంగా, ఎప్పటిలాగే. చప్పట్లు కొట్టారు.

బృందానికి పెద్దగా ఉన్నాయన కళ్లజోడు సర్దుకుని బాటవైపు చూశాడు. "ఆ రాళ్లమీద ఎర్రగా ఏమిటది?"

అందరూ చూశారు. తెల్లటి గులకరాళ్ల మీద వరసగా ఎర్రటి గుర్తులు. సారు ఒక్క క్షణమే తడుముకున్నారు.

"పారాణి సార్. మన సంప్రదాయం. ఈ శుభసందర్భానికని పెట్టుకొచ్చినట్టున్నారు."

మళ్లీ చప్పట్లు. మంగతాయారు వెనక్కి తిరిగి చూసింది. గుర్తులన్నీ కుడికాలివే. పారాణి ఒక్క కాలికి ఎవరూ పెట్టుకోరు. అది అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. సరళకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పారాణి కాదండి," అంది మంగతాయారు. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, ఇప్పుడూ కాలేదు. కాని ఆ ఎండలో అందరికీ వినిపించింది. "రక్తమండి."

 బృందం పెద్ద మెల్లగా తల పంకించాడు.

"అంటే రక్తప్రసరణ కూడా మెరుగుపడిందన్నమాట," అని పుస్తకంలో రాసుకున్నాడు.

ఆమెను ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది నూకరాజు. చెప్పులు లేకుండా తిరిగి తిరిగి అతని మడమ కూడా పగిలి ఉంది. అయినా ఆటో దాకా ఆమెను రెండు చేతులమీదా మోసుకెళ్లాడు. పుండు లోపలికి పోయింది. జ్వరం వచ్చింది. పన్నెండో రోజున కుడికాలి చిటికెనవేలు తీసేశారు. ఇంకో వారం ఆగి ఉంటే పాదం మాట చెప్పవలసి వచ్చేదని డాక్టరు, ఈసారి బస్సు వేళలు చెప్పినట్టు కాకుండా, చెప్పాడు.

ఆఫీసు నుంచి ఉత్తర్వు వార్డుకే వచ్చింది. గవర్రాజు గారు మాట నిలబెట్టుకుని ఫైలు కదిపాడు. సోమేశ్వరరావు కవరు చింపి చదివాడు.

"శ్రీమతి మంగతాయారు, సీనియర్ అసిస్టెంటు వారి వినతిని సానుభూతితో పరిశీలించి, శస్త్రచికిత్స ద్వారా తొలగింపబడిన కుడిపాదపు ఐదవ వేలికి భూస్పర్శ కార్యక్రమము నుండి శాశ్వత మినహాయింపు మంజూరు చేయడమైనది. మిగిలిన తొమ్మిది వేళ్లు యథావిధిగా హాజరు కావలెను."

చదివాక అతను కాగితాన్ని మడవలేదు, చింపలేదు, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. మంగతాయారు చెయ్యి చాపి తీసుకుని, రెండుసార్లు చదివింది. రెండోసారి చదవడం ముగించి, ఒక తెల్లకాగితమూ కలమూ ఇమ్మంది.

"అయ్యా, తమ ఉత్తర్వు ప్రకారము హాజరు కావలసిన నా తొమ్మిది వేళ్లు అస్వస్థత వలన విధులకు హాజరు కాలేకున్నవి. కావున వాటికి సెలవు మంజూరు చేయవలసినదిగా ప్రార్థన. మిగతా నేను యథావిధిగా విధులకు హాజరు కాగలను."

ఈ కాగితం చూసి గవర్రాజు గారు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. కొట్టేద్దామంటే, వేళ్లు హాజరు కావాలని రాసింది సారే. హాజరు కావలసినవారికి సెలవు అడిగే హక్కు ఉంటుంది. తొమ్మిదింటికీ కలిపి ఒక దరఖాస్తు చాలా, వేలికొకటి కావాలా? కలం పట్టుకోలేని కాలివేలు దరఖాస్తు మీద సంతకం ఎలా పెడుతుంది? ఎడమకాలి వేళ్లకి జబ్బేమీ లేదు కదా, అవి కుడికాలి వేళ్లతో పాటు సెలవు ఎలా కోరతాయి? సారు కూడా తల పట్టుకున్నారు. చివరికి, స్పష్టత కోరుతూ ఫైలును పై కార్యాలయానికి పంపారు. స్పష్టత వచ్చేదాకా సదరు వేళ్లపై ఎట్టి ఒత్తిడీ తేరాదని, జాగ్రత్త కోసం, గవర్రాజు గారు చివర ఒక వాక్యం చేర్చాడు. అది పొరపాటున చేర్చాడో, తెలిసే చేర్చాడో ఆయన ఎవరికీ చెప్పలేదు.

నెలన్నర తర్వాత మంగతాయారు ఆఫీసుకి వచ్చింది. కొత్త చెప్పులు, అవీ నీలం రంగువే. కుడివైపుకి కొంచెం ఒరిగి నడుస్తోంది. గుమ్మం దగ్గర నూకరాజు లేచి నిలబడ్డాడు. ఆమె ఫైలు నంబరు చెప్పింది. అతను రిజిస్టరులో రాసుకుని, చెప్పులు విప్పమనకుండానే, మెట్టు దగ్గర చెయ్యి అందించాడు.

రికార్డు రూములో దుమ్ము పేరుకుని ఉంది. ఆమె చీపురు తీసుకుని కిటికీ వైపు బీరువా దగ్గర మొదలుపెట్టింది. ఆ బీరువాలో పై అరనిండా స్పష్టత కోరుతూ పైకి వెళ్లిన ఫైళ్ల నకళ్లు. మొట్టమొదటిది ఆమె జూనియర్ అసిస్టెంటుగా చేరిన సంవత్సరానిది. వరండాలోని మంచినీళ్ల కుండకి మూత కొనాలా వద్దా అని అడుగుతూ రాసింది. ఇంకా జవాబు రాలేదు. ఆమె సర్వీసు ఇంకా పంతొమ్మిది నెలలుంది.

ఆ వరసనంతా దుమ్ము దులిపి, కొంచెం ఎడమకి జరిపి, చివర తన ఫైలుకి చోటు చేసింది.